తెర మీద బాపు గొంతు

మా బాపు మేడ్చల్ కూరగాయల మార్కెట్లో వేలంపాట నడిపేవాడు. టమాటా గంపల పక్కన నిలబడి ఆయన ధర కేకేస్తే, రోడ్డవతల చాయ్ తాగేవాళ్లు కూడా తల తిప్పేవాళ్లు. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు అడిగినా వేలం వేసినట్టే ఉంటుందని అమ్మ విసుక్కునేది. అలాంటి మనిషి, ఎవరైనా ఫోన్ ఎత్తి వీడియో తీస్తే మాత్రం నోరు కుట్టేసుకుని పెళ్లికొడుకులా నిలబడేవాడు.

కండ్లకోయలో ఇంజనీరింగ్ చివరి ఏడాది, ప్రాజెక్టు కోసం నేను ఆసిలోస్కోప్ చేశాను. కరెంటు ఎలా ఎగసిపడుతుందో గీతగా చూపించే యంత్రం అది. అసలుది కొనే స్తోమత మాకెక్కడిది? చవక డేటా అక్విజిషన్ బోర్డు ఒకటి నా పాత లాప్‌టాప్‌కు తగిలించి, సాఫ్ట్‌వేర్ నేనే రాసుకున్నాను. బోర్డు కొలిచి అంకెలు పంపుతుంది, తెర మీద గీత కదులుతుంది. అది కదిలేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది.

కదిలిన రోజే బోర్డుకు మైకు తగిలించి బాపు ముందు పెట్టాను. "పాట పాడు బాపు, సూద్దాం."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఒకటోసారీ..." గీత తెర దాటి పైకి పోయింది. "రెండోసారీ..." అని ఆగిపోయాడు.

"మూడోసారి?"

"మాలు లేకుంట మూడోసారి అనొద్దు బిడ్డా. అన్నమంటే ఇగ ఖతమే."

మార్కెట్లో అంతే. మూడోసారి అంటూ గంప మీద అరచేత్తో కొట్టాడంటే, తర్వాత ఎవరొచ్చి ఎంతిస్తానన్నా సరుకు వెనక్కి రాదు. నేను నవ్వి, ఆ అంకెలు దాచుకున్నాను.

ఏడాది తిరక్కుండానే బాపుకు గొంతు క్యాన్సర్ అన్నారు. ప్రాణం దక్కాలంటే స్వరపేటిక తీసేయాలన్నారు. తీసేశారు. ఇల్లు ఎంత మూగబోయిందంటే, ఫ్రిజ్ చప్పుడు మీద కూడా నాకు కోపం వచ్చేది.

ఒక మధ్యాహ్నం అమ్మ అడిగింది. "నీ డబ్బాల మీ బాపు గొంతు ఉన్నది గద. ఒక్కసారి ఇనిపియ్యి బిడ్డా. యాది మరుస్తనేమో అని బుగులైతాంది."

అంకెలను శబ్దంగా మార్చాను. మా బోర్డు కొలిచే వేగం గీత గీయడానికి సరిపోయింది గాని, మాటను పట్టుకోవడానికి చాల్లేదు. స్పీకర్లోంచి బుర్రుమని ఒక మోత, కాస్త ఆగి ఇంకో మోత. అందులో మా బాపు లేడు. అమ్మ మొహం చూడలేకపోయాను.

"గిదేనా?" అంది అమ్మ, తెర మీది గీతను వేలితో తడుముతూ.

మంచం మీంచి బాపు లేచి వచ్చాడు. గీతలో పైకి లేచిన ఆ రెండు గుట్టలనూ చూశాడు. గుర్తుపట్టినట్టున్నాడు, పెదవులు కదిలాయి. ఒకటోసారి. రెండోసారి.

"మల్ల ఏదన్న జేస్త బాపు, వేరే బోర్డు తెస్త" అన్నాను ఏడుస్తూ. ఏం చేసినా ఆ గొంతు ఇక లేదని తెలిసీ అన్నాను.

ఆయన తల అడ్డంగా ఊపాడు. బల్ల మీద అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టాడు.

ఆ దెబ్బకు అర్థం అమ్మకూ తెలుసు. లాప్‌టాప్ మెల్లగా మూసేసింది.