పోలయ్య తాత అడిగిన ఎరుపు

మా ఓడ వంటగదిలో ఎవరో ఎండుమిరపకాయలు నూనెలో వేసినట్టున్నారు. ఆ ఘాటు మెట్లెక్కి, ఇనుప నడవల్లోంచి నా గదిదాకా వచ్చి గొంతు పట్టుకుంది. దగ్గుతూ తలుపు మూయబోయి ఆగిపోయాను. ఓడల్లో ఇలాంటి వాసన అరుదు. నాలుగైదు దేశాలవాళ్ళం కలిసి పనిచేస్తాం కాబట్టి వంట అందరికీ సరిపోయేలా చప్పగా చేస్తారు. ఈ నెల కొత్తగా చేరిన వంటాయన తూత్తుకుడివాడు. తలుపు తెరిచే ఉంచి, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా ఆ ఘాటు పీలుస్తూ నిలబడ్డాను. ఎవరైనా అడిగితే మిరపకాయల వల్లే అని చెప్పొచ్చు.

నన్ను ఈ ఓడల దాకా తెచ్చిన మనిషి ఒక వంటవాడు. పేరు పోలయ్య. వాకాడు దగ్గర సముద్రపొడ్డున ఒక పాళెంలో పుట్టి, సరుకు ఓడల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా వంట చేసి, చివరికి ఆ పాళేనికే తిరిగొచ్చాడు. నేను ఎరిగేనాటికి ఆయనకి అరవై దాటాయి. పొట్టి మనిషి. మోచేతుల దాకా నూనె చిందిన పాత మచ్చలు. ఏ పని చెప్పినా ఒక్కసారే చెప్పేవాడు.

మాది చిట్టమూరు వైపు పల్లె. సముద్రం ఎంతో దూరం లేకపోయినా మాకు నీళ్ళంటే కాలవ నీళ్ళు, వరిమడిలో నిలిచిన నీళ్ళు, అంతే. నేను గూడూరులో ఇంటర్ చదువుతున్నప్పుడు ఓడలో ఆఫీసరుగా చేసే ఒకామె మా కాలేజీకి వచ్చి మాట్లాడింది. ఆమె భుజాల మీది బంగారు గీతలు నాకు అంతగా గుర్తులేవు. "నేను నడిపిన ఓడ" అని ఆమె మామూలుగా అన్న తీరు మాత్రం మనసులో ఉండిపోయింది. ఇంటికొచ్చి నేనూ ఆ చదువే చదువుతానన్నాను. అమ్మ నవ్వింది. నాన్న నవ్వలేదు. వారం రోజులు ముభావంగా ఉండి, ఒక ఆదివారం పొద్దున బండి బయటికి తీసి, "పద, ఒకాయన దగ్గరికి పోయొద్దాం" అన్నాడు.

పోలయ్య తాత ఏటా మా ఇంటి బియ్యమే కొనేవాడు. అదీ వాళ్ళ పరిచయం. నాన్న ఆయన వాకిట్లో చెప్పులు విడుస్తూనే వచ్చిన పని చెప్పేశాడు.

"పోలయ్యన్నా, మా పాప ఓడెక్కుతానంటా ఉండాది. నువ్వు అన్నీ చూసినోడివి. ఉన్నదున్నట్టు చెప్పు. నీ మాట వింటే ఈ పిచ్చి వదుల్తాది."

తాత నన్ను కూర్చోమని, నిజంగానే ఉన్నదున్నట్టు చెప్పాడు. "మొదట్లో వారాల తరబడి వాంతులే అమ్మీ. కక్కతానే పని చెయ్యాల. చుట్టూ మనుషులుంటారు, మనసు విప్పి మాట్లాడేదానికి ఒకడుండడు. మా అమ్మ పోయిందని నాకు నడిసముద్రంలో కబురొచ్చింది. ఆ పూట ముప్ఫై మందికి వంట చేసినాను. ఉప్పు ఎక్కువైంది. ఎవురూ ఆ మాట అన్లేదు. నాకు దక్కిన ఓదార్పు అంతే."

నాన్న తృప్తిగా తలూపుతున్నాడు. నేను కదలకుండా కూర్చున్నాను. తాత నన్ను కాసేపు చూసి, "పెరట్లో మిరపచెట్లుండాయి, పండినకాయలు గుప్పెడు కోసుకురా" అన్నాడు. తెచ్చిచ్చాను. ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి చూసి పక్కన పెట్టాడు.

"ఈత వొచ్చా?"

"రాదు తాతా."

ఆయన నాన్న వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమన్న దానికంటే ఎక్కువే చెప్పినాను రమణయ్యా. ఈ పిల్ల కూర్చున్న కాణ్ణించి కదల్లా. వొచ్చే ఆదివారం తోలుకురా, ఈత నేర్పిద్దాం."

మళ్ళీ ఆదివారం నాన్నే బండి తీశాడు. నాలుగు గుటకలు ఉప్పునీళ్ళు మింగితే నేనే మానేస్తానని ఆశపడ్డాడట. ఆ సంగతి ఎన్నో ఏళ్ళ తర్వాత ఒప్పుకున్నాడు.

నీళ్ళలో నన్ను పట్టుకున్నది తాత కోడలు పొన్నమ్మక్క. ఉప్పుటేరు పాయ ఒకటి ఊరి వెనక నిలకడగా ఉండేది. తాత గట్టు మీద ముక్కాలిపీట వేసుకుని అక్కడినుంచే చెప్పేవాడు. రెండు నెలలకి తేలడం వచ్చింది, తర్వాత ఈదడమూ వచ్చింది. దూకడం మాత్రం రాలేదు. శిక్షణలో ఎత్తు మీదనుంచి నీళ్ళలోకి దూకమంటారని, అది ఇక్కడే అలవాటు కావాలని, ఆయన ఒక పడవ ముక్కు మీద నన్ను నిలబెట్టేవాడు. మూడు ఆదివారాలు ఎక్కి, నిలబడి, దిగి వచ్చేశాను. నాలుగోసారి నేనే, "భయమేం లేదు తాతా, చెక్క జారుతోంది" అన్నాను.

ఆయన నా మీద కోప్పడటం అదొక్కసారే చూశాను. "అబద్ధమాడబాక! భయంగా ఉండాదని గట్టిగా చెప్పు. ఓడలో భయం దాచుకునేవోడు వాడొక్కడే పోడు, పక్కనోణ్ణీ తీసకపోతాడు."

"భయంగా ఉంది!" అని అరిచాను.

కింద మెడలోతు నీళ్ళలో నిలబడ్డ పొన్నమ్మక్క, "నాకు చలిగా ఉండాది, తొందరగా దూకు మ్మే!" అంది. నవ్వు ఆపుకోలేక, ఆ నవ్వులోనే దూకేశాను.

లెక్కలతో, ఫిజిక్సుతో నా పాట్లు నేను పడ్డాను. ఆయన నేర్పినవి పుస్తకాల్లో లేవు. చెప్పిన మాటని తిరిగి చెప్పనిదే ఏ పనీ మొదలుపెట్టనిచ్చేవాడు కాదు. "ఉప్పు, మూడో అర, ఎడమ పక్క" అంటే నేను "ఉప్పు, మూడో అర, ఎడమ పక్క" అనాలి. ఓడ నడిపేచోట ఆజ్ఞ ఇచ్చినా అంతేనట. నా బట్టలు నేనే ఉతికి ఇస్త్రీ చేసుకోవాలి. వాళ్ళ మరుగుదొడ్డి కడిగాను కూడా. ఆ రోజు నాన్న మొహం మాడిపోయింది. "కొత్తగా చేరినోళ్ళకి ఓడలో మొదట ఇచ్చే పని ఇదే రమణయ్యా. ఆడ ఏడిస్తే ఎవురూ చూడరు, ఈడయితే మనం ఉండాం కదా" అన్నాడు తాత.

ప్రవేశ పరీక్ష పాసయ్యాను. ఇక మిగిలింది చెన్నైలో వైద్యపరీక్ష. దానికి ముందు ఆదివారం వెళితే, ఎప్పట్లాగే మిరపకాయలు కోసుకురమ్మన్నాడు. వెళ్ళిన ప్రతిసారీ ఆ పని చెప్పేవాడు. ఇంత మిరప ఏం చేసుకుంటారని అడిగాను.

"మిరప కోసం కాదమ్మీ. నీ కళ్ళు చూస్తా ఉండా" అన్నాడు. ఆ తర్వాత తన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. పంతొమ్మిదేళ్ళప్పుడు ఆయన ఓడకెళ్ళింది వంట చెయ్యడానికి కాదు, చుక్కాని పట్టాలని. వైద్యపరీక్షలో రంగుచుక్కల పుస్తకం ఒకటి ముందు పెట్టారు. "అందరికీ అందులో అంకె కనబడిందంట. నాకు చుక్కలే కనబడినాయి. ఎరుపూ ఆకుపచ్చా నాకు ఒకటే మాదిరి. ఆ రెండూ తెలీకపోతే ఓడ దీపాలు తెలీవు. వంటింట్లోకి పొమ్మన్నారు. ఇప్పటికీ పండిన కాయ ఆకుల్లో కలిసిపోతాది నాకు. వేలితో నొక్కితే మెత్తగా తగుల్తాదే, దాన్ని పట్టి కోస్తాను."

ఆయన కాయలు పక్కకి నెట్టి, నా మొహం చూడకుండా అన్నాడు: "ముప్ఫై ఏళ్ళు ఓడ నడిపే గదిలోకి టీ మోసినాను. పెట్టి దిగొచ్చేదే. నించుని చూడమని ఎవురూ అన్లా, నేనూ అడగలా. నువ్వు ఆడ నించున్నాక ఏం కనబడతాదో చూసొచ్చి నాకు చెప్పు. చాలు."

వైద్యపరీక్షలో రంగుచుక్కల పుస్తకం నా ముందుకొచ్చినప్పుడు ప్రతి పేజీలోనూ అంకె స్పష్టంగా కనబడింది. బయటికొచ్చి, పాసయిన సంతోషంలో కాకుండా మరెందుకో ఏడ్చాను.

చదువయ్యాక మొదటి ఓడ. ఆయన చెప్పినవన్నీ జరిగాయి. తొమ్మిది నెలల తర్వాత సెలవుకి వచ్చి, మర్నాడే పాళేనికి వెళ్ళాను. ఆయన చూపూ వినికిడీ తగ్గినా, పీట దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు. పొద్దుపొడుపు గురించి చెప్పాను. ఎదుటి ఓడకి ఎడమన ఎర్రదీపం, కుడిన పచ్చదీపం ఉంటాయని, రెండూ ఒకేసారి కనబడితే అది తిన్నగా మన మీదికే వస్తోందని చెప్పాను.

"ఎరుపంటే ఎట్టుంటాది?" అన్నాడు. వెంటనే, "మిరపకాయ అనబాక" అని నవ్వాడు.

వంటింట్లో పొన్నమ్మక్క పొయ్యి వైపు చూశాను. "పొయ్యి కాడ వంగితే సెగ మొహానికి కొడుతుంది కదా తాతా, అట్టా ఉంటుంది ఎరుపు. తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుంటే ఎట్టుంటుందో, అట్టా ఉంటుంది పచ్చ."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. సెగ దగ్గరికి వంగినట్టు మొహం కొంచెం ముందుకి జరిగింది. "అట్ట చెప్పు" అన్నాడు. "అట్ట చెప్తే కనబడతా ఉండాది."

మధ్యాహ్నం దాకా చెబుతూనే ఉన్నాను. పొన్నమ్మక్క రెండుసార్లు అన్నానికి పిలిచినా ఆయన లేవలేదు.

రెండో ఓడ దిగి వచ్చినప్పుడు నాన్న గూడూరు స్టేషనుకి వచ్చాడు. బండి మా ఊరి వైపు తిప్పలేదు. వాకాడు దారి పట్టాక, "తాత దగ్గరికా?" అన్నాను సంతోషంగా. నాన్న బండి పక్కకి ఆపాడు. తాత పోయి రెండు నెలలైందని అక్కడ చెప్పాడు.

నా నోటికొచ్చినట్టు అరిచాను. ఫోన్ చేసిన ప్రతిసారీ తాత ఎలా ఉన్నాడని అడిగాను, నాన్న ప్రతిసారీ బాగానే ఉన్నాడని చెప్పాడు. నాన్న అంతా విన్నాడు. "నీళ్ళ మీదుండగా ఆ పిల్లకి చెప్పొద్దని నా చెయ్యి పట్టుకుని మాట తీసుకున్నాడు. ఆ అబద్ధం నాకు తేలిగ్గా రాలేదమ్మా" అన్నాడు. నేను ఓడెక్కకూడదనుకున్న మనిషి, రోడ్డు పక్కన హెల్మెట్ చేతిలో పట్టుకుని ఏడ్చాడు. నడిసముద్రంలో తన అమ్మ కబురు అందుకున్న తాత ఆ మాట ఎందుకు తీసుకున్నాడో నాకు అర్థమైంది. అయినా ఆ రెండు నెలలు నేను నవ్వాను, తిన్నాను, ఆయన కోసం కబుర్లు దాచుకున్నాను. ఆ బాధ మాత్రం తీరలేదు.

పొన్నమ్మక్క దగ్గర కూర్చుని ఆ కబుర్లు చెప్పబోయాను. ఇసుకనేల మధ్య సన్నటి కాలవలో అంత పెద్ద ఓడ ఎలా నడిచిందో, పొగమంచులో ఏమీ కనబడక గంటలకొద్దీ కూత వేసుకుంటూ ఎలా వెళ్ళామో. కాసేపు విని, కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచింది. "నాకెందుకు మ్మే ఇయ్యన్నీ, ఆయనకే చెప్పుకో" అని లోపలికి వెళ్ళింది.

ఇప్పుడు పొద్దుటి పూట ఓడ బాధ్యత నాదే. తూర్పు తెల్లవారుతుంటే పక్కనున్నవాళ్ళు ఎంత ఎర్రగా ఉందో అంటారు. నేను ఆ మాట వాడను. చెంపకి మొదట ఏది తగిలింది, చలి ఎక్కడ విడిచింది, గాలి ఏ వైపు నుంచి మెత్తబడింది, ఒక్కొక్కటే మాట వెతుక్కుంటాను. బాగా కుదిరిన మాట దొరికిన రోజున, "అట్ట చెప్పు" అనే గొంతు కోసం కాసేపు ఆగుతాను. ఆ తర్వాత లాగ్‌బుక్కు తీసి, ఆకాశం నిర్మలంగా ఉందని రాస్తాను.