బెల్లం పొగలో కామారెడ్డి

ముందే ఒప్పుకుంటున్న, నేను చిన్న సంగతిని పెద్దగ చేసి చెప్పే మనిషిని. మా ఇంట్లో పిల్లి ఎలుకను పడితే, నా నోటినుంచి బయటికొచ్చేసరికి అది అడవిపంది అయితది. కాబట్టి మీకు తోచినంత తగ్గించుకొని చదువుకోండి. కాని విమానం చప్పుడు వినబడితే జనం తినే కంచం ఇడిసిపెట్టి వాకిట్లోకి ఉరికే ఆ రోజుల్లో, విమానం నడుపుడు నేర్చుకుంటనని ఎల్లారెడ్డి నుంచి పట్నం పోయిన మొదటివాణ్ని నేనే. (రెండోవాడు ఇప్పటిదాక పోలేదు. దానికి కారణం కూడ నేనే కావచ్చు.)

విమానం నేర్చుకొనుడంటే ఎగురుడని మీరనుకుంటరు. నేనూ అట్లనే అనుకున్న. తీరా చూస్తే అది కూసునుడు. మైదానం అంచున రేకుల కొట్టం, దాని ముందర ఒక బల్ల, బల్ల మీద నేను. ఉత్తరం దిక్కు మూడు మైళ్ల దూరాన గుట్ట మీద సున్నం పూసిన పెద్ద గుండు. అది కనబడితేనే నేర్చుకునేటోళ్లు ఎగురాలె. మా ఉస్తాద్ రోజూ పొద్దున్నే బయటికొచ్చి, మీసం దువ్వుకుంట గుండు దిక్కు చూసి, "నై" అనేటోడు. మంచు ఉంటే నై. దుమ్ము లేస్తే నై. మబ్బు కిందికి దిగితే నై. మంచు, దుమ్ము, మబ్బు ఏవీ లేని రోజు గాలి ఎక్కువున్నదని నై. ఆయనకు నేను నై సాబ్ అని పేరు పెట్టిన. ఆయన మాకు నేర్పిన పాఠం కూడ ఒక్కటే, ముంగట కనబడకపోతే ఎనక్కి మర్లి రా, కారణాలు దిగినంక చెప్పు. పెద్ద పైలట్లు మబ్బుల్లోకి దూరి పోతుంటే మేము కింద కూసొని పండ్లు నూరుతుంటిమి. ఆ బల్లకు నేను కూసున్న అచ్చు పడ్డది, నా తర్వాత ఎవరు కూసున్నా జారి నా గుంటలోనే పడేటోళ్లు.

ఈ కూసునుడు మా బాపుకు సమజ్ కాలేదు. మాది చెరుకు సేద్యం. చలికాలమంతా గానుగ, పొయ్యి, పాకం, బెల్లం. ఆ పని ఇడిసిపెట్టి కొడుకు పట్నంలో రాయి దిక్కు చూసుకుంట కూసున్నడంటే ఏ తండ్రి ఓర్చుకుంటడు? నాకు శుక్రవారం నాడు పెట్టే ఒక్క పరీక్ష మిగిలింది. రైలు పట్టాల మీదుగ ఒంటరిగ కామారెడ్డి దాక పోయి, స్టేషన్ మీద ఒక చుట్టు తిరిగి రావాలె. ఆ చుట్టు బాపు తన కండ్లతో చూస్తే నా చదువు సాగుతది, చూడకపోతే నేను ఇంటికొచ్చి బెల్లం పొయ్యి ముందర కూసోవాలె. ఇదీ మా ఒప్పందం.

మొదటి శుక్రవారం బాపు, నన్ను కన్న అవ్వ, సగం ఎల్లారెడ్డి (మిగిలిన సగం బండ్లు దొరకక ఆగింది) ఎడ్లబండ్ల మీద కామారెడ్డికొచ్చి స్టేషన్ ముందర చాపలు పరిచిండ్రు. పట్నంలో మంచు. నై. రెండో శుక్రవారం మళ్ల బండ్లు, మళ్ల చాపలు. పట్నంలో మబ్బు. నై. అవ్వ నా పేరు మీద కట్టుకొచ్చిన జొన్నరొట్టెలు తిని స్టేషన్ కుక్కలు దూడలంత అయినయట. బాపు కార్డు రాయించిండు: "నీ కోసం ఎడ్లు రెండుసార్లు నడిచినయ్. మూడోసారి కనబడకపోతే నువ్వే నడిచి రా."

నాకు కడుపు మండింది. తప్పు నాది కాదు బాపూ, ముంగట ఊరు కనబడితేనే పోనిస్తరు, కామారెడ్డి కనబడితే తప్పక వస్త అని బదులు రాసిన. ఆ ఆఖరి ముక్క రాయకపోయి ఉంటే ఇప్పుడు మీకు చెప్పేందుకు ఏమీ ఉండకపోయేది.

మూడో శుక్రవారం గుండు తెల్లగ మెరిసింది. నై సాబ్ చానాసేపు చూసిండు, వంక దొరకలేదు. "పో" అన్నడు, పన్ను పీకించుకున్నోని లెక్క. పట్టాలు పట్టుకొని పోయిన. భిక్నూర్ దాటిన. ఇంకొన్ని నిమిషాల్లో కామారెడ్డి రావాలె. మెడ సాపి చూసిన. కామారెడ్డి లేదు. ఊరు ఉండాల్సిన చోట బూడిదరంగు బొంత కప్పినట్టు పొగ. పట్టాలు దాని కిందికి దూరి మాయమైనయ్. దగ్గరికి పోతే మాడిన బెల్లం వాసన.

జరిగిందేందో తర్వాత తెలిసింది. కామారెడ్డి కనబడాలెనట అని బాపు నా కార్డు పదిమంది ముందర చదివించి, సదాశివనగర్ దాక తెలిసిన చెరుకు రైతులందరికి కబురు పంపిండు. ఊరి చుట్టూ చెరుకుపిప్పి, చెరుకాకు కుప్పలేసి అంటుపెట్టించిండు. మంటైతే ఆకాశం నుంచి కనబడదా అని ఆయన ఆలోచన. నలభై కుప్పలు. (అవ్వ లెక్కలో పదకొండు.) మంచుకు తడిసిన ఆకు మండలేదు, పొగలేసింది. చలిపొద్దు గాలి లేక ఆ పొగ లేవలేదు, ఊరి మీదనే పండుకున్నది.

కిందికి దిగి పొగలో దూరితే స్టేషన్ దొరకొచ్చు, బాపు చూడొచ్చు, నా చదువు నిలవొచ్చు. అప్పుడు నై సాబ్ పాఠం యాదికొచ్చింది. చదువు పోతే పోయింది, నియమం నియమమే అనుకొని, ఛాతి విరుచుకొని మర్లిన.

దిగినంక నై సాబ్ చుట్టు తిరిగినవా అని అడిగిండు. "నై" అన్న. ఆ మాట నేను ఆయనకు చెప్పుడు అదే మొదలు. పొగ సంగతి చెప్పిన. ఆయన నా ముఖం చూసిండు, మోకాళ్లు చూసిండు, తన పుస్తకంలో ఏదో రాసుకున్నడు.

తెల్లారి బాపు రైలు దిగి వచ్చిండు. కండ్లు ఎర్రగ, భుజం మీది గొంగడి నిండ పొగ వాసన.

"నడువు ఇంటికి. చప్పుడు విన్న, వచ్చింది, మర్లింది. గన్ని కుప్పలు పెడితె గూడ నీకు ఊరు కనబడలేదార?"

"కుప్పలు పెట్టినందుకే కనబడలేదు బాపూ."

నై సాబ్ కొట్టంలోంచి వచ్చిండు. "పటేల్ సాబ్, మీ లడ్కా పాస్."

"రాకుండ మర్లిపోయినోడు పాసెట్లయితడు?"

"పోయేటోళ్లు నా దగ్గర మస్తున్నరు సాబ్. మర్లొచ్చేటోడు గీయనొక్కడే."

బాపు బల్ల మీద, నా గుంటలోనే కూసొని, గుట్ట దిక్కు చానాసేపు చూసిండు.

"రాయి కనబడుతున్నది గద. ఇంకా గీడ నిలబడ్డవేంది?" అన్నడు.

ఇగ నేను కల్పించిందేదో చెప్పాలె. కుప్పలూ కుక్కలూ కాదు, అవి కొంచెం పెంచిన, అంతే. నియమం యాదికొచ్చి ఛాతి విరుచుకొని మర్లిన అన్నది ఉత్తదే. ఆ పొగను చూసి నాకు ఏ నియమమూ యాదికి రాలేదు. అవ్వా అనుకుంట మర్లిన. నియమం సగం తిరుగుదారిలో యాదికొచ్చింది. నై సాబ్ ఉద్యోగం చాలించుకొని పోతూ ఆ పుస్తకం నాకిచ్చిండు. ఆ రోజు తారీఖు కింద రెండే ముక్కలున్నయ్: "భయం ఉన్నది. పనికొస్తడు." ఇప్పుడు అద్దాలు పెట్టుకున్నా ఆ అక్షరాలు మసకగనే కనబడుతయ్. అయినా వాటి నుంచి మర్లబుద్ధి కాదు.