తన పాట మీద తానే పాడిన వెంకటనర్సయ్య

గౌలిగూడ బస్సుల అడ్డా దగ్గరి హోటళ్లలో ఒక మాట బాగా చెల్లుతోంది. ఎవడైనా తన చేత్తో తానే నష్టం తెచ్చుకుంటే, "వీడొక వెంకటనర్సయ్యరా!" అంటారు. చుట్టూ ఉన్నవాళ్లు పగలబడి నవ్వుతారు. ఆ నవ్వేవాళ్లలో సగం మందికి వెంకటనర్సయ్య ఎవరో తెలియదు. నాకు తెలుసు. ఆ రోజు ఆ హాల్లో నేనూ ఉన్నాను. అందుకే ఆ నవ్వు వినిపిస్తే నా నోట్లో చాయ్ చేదెక్కుతుంది.

నర్సయ్య భువనగిరి అవతలి పల్లె నుంచి వచ్చి, లారీ మీద క్లీనరుగా చేరి, తర్వాత డ్రైవరయ్యాడు. నాంపల్లి కోర్టులో జనార్దన్ రావు గారని పేరున్న వకీలు ఉండేవారు. ఆయన హిల్‌మన్ కారు చాలా ఏళ్లు నర్సయ్య చేతిలోనే తిరిగింది. వకీలు గారికి హారన్ మోత గిట్టదు. "కూతలు కూసేవాడికి దారి వదలొద్దనిపిస్తుందిరా నాకు" అనేవారు. కాబట్టి ఆబిడ్స్ రద్దీలో కూడా ఆ కారు నోరు మూసుకుని పోయేది. ఆయనకు మరో అలవాటు ఉండేది. ఇంటి నుంచి కోర్టుకు పోయేలోగా వెనక సీట్లో కూర్చుని ఆ రోజు వాదన వినిపించేవారు. స్టీరింగు తిప్పుతూ నర్సయ్య ఎదుటి పక్షం వకీలుగా జవాబు చెప్పాలి. "మన కేసు మీద మనమే వాదించి చూసుకోవాలి నర్సయ్యా, లేకపోతే అది నిలబడేదో పడిపోయేదో తెలియదు" అనేవారు. చదువు రాని డ్రైవరు అడ్డు ప్రశ్న వేస్తే మురిసిపోయి సిగరెట్టు ఇచ్చేవారు.

పంతొమ్మిది వందల అరవై నాలుగులో ఆయన గుండె ఆగి పోయారు. భార్య ప్రభావతమ్మ ఏడుస్తూ మూల కూర్చునే మనిషి కాదు. ఆబిడ్స్‌లో ఒక మేడ గది కిరాయికి తీసుకుని ఆడపిల్లలకు టైపు నేర్పే బడి పెడతానన్నది. మిషన్లు కొనాలంటే కారు అమ్మాలి.

"నర్సయ్యా, బండి నువ్వే తీసుకో. టాక్సీ తిప్పుకో. ఎంతో కొంత ఇవ్వు" అన్నదామె.

"వద్దమ్మా. ఎంతో కొంత అంటే మీరు మునుగుతరు. హర్రాజుల పెట్టుండ్రి. నలుగుర్ని పాడనియ్యుండ్రి. నేను గూడ పాడుత. నాకు పడితే నాది, పడకుంటే నా నసీబు."

ఈ మాట విని అతని భార్య పూలమ్మ నెత్తి కొట్టుకుంది. "ఇస్తనన్నదాన్ని వద్దని హర్రాజుకు వోతడట! వకీలు సాబు సచ్చిపోయిండు గాని ఆయన తిక్క నీకు అంటిచ్చి పోయిండు!"

అట్లా తిట్టి, కాళ్ల వెండి కడియాలు తీసి అతని ముందు పెట్టింది.

హర్రాజు అంటే వేలం. మన ఊళ్లో వేలం అంటే ఎవరికీ ఎక్కదు, హర్రాజు అంటేనే అర్థమవుతుంది. మనిషి అమ్మనిదంటూ ఏమీ లేదు. పూర్వం రోమ్ నగరంలో సిపాయిలు ఏకంగా సామ్రాజ్యాన్నే వేలం వేశారట. కొన్న పెద్దమనిషి రెండు నెలలు ఏలి తల పోగొట్టుకున్నాడు. పాడినవాడి తల పోయింది, అమ్మినవాళ్లలో చాలామంది కొలువు మాత్రం పోగొట్టుకుని ప్రాణాలతో బయటపడ్డారు. ఏ కాలంలోనైనా ఇంతే.

ఆబిడ్స్ పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆ హర్రాజుఖానా ఉండేది. కూలిన నవాబుల దేవిడీల షాండిలియర్లు, బీటలు పడ్డ అద్దాలు, తూకానికి అమ్మే పుస్తకాలు అక్కడికి చేరేవి. ఆ పుస్తకాల కోసమే ప్రతి ఆదివారం నేను పోయేవాణ్ణి. కొత్త కారుకు పేరు రాయించుకుంటే ఏళ్లు గడిచే రోజులవి. పాత కారు వచ్చిందంటే హాలు నిండిపోయేది.

అక్కడ ఒక ఆచారం ఉంది. దాన్ని ఉప్పు పాట అనేవారు. ఏ ఇంటి సామాను అమ్మకానికి వచ్చినా, ఆ ఇంటి ఉప్పు తిన్న నౌకరు లేచి పాడితే, అతని మీద ఇంకెవరూ పాడరు. మొదటి ధరకే అతనికి వదిలేస్తారు. ఎంత గొప్ప మర్యాద, ఎంత తహజీబు అని మన పెద్దలు కళ్లు తుడుచుకుంటూ చెప్పేవారు. ఆ మర్యాద ఖర్చు ఎవరి మీద పడుతున్నదో ఒక్కరూ అడగలేదు. నోరు మూసుకున్నవాడి జేబు నుంచి ఏం పోయింది? పోయింది సామాను అమ్ముకుంటున్న వాళ్లది. వాళ్లు అమ్ముకుంటున్నారంటేనే గతి లేక. పరాయి సొమ్ముతో చేసే దానానికి మర్యాద అని పేరు పెట్టుకున్నాం.

నర్సయ్యకు ఆ ఆచారం తెలుసు. ముందురోజే హర్రాజు పాడించే బాలకిషన్ దగ్గరకు పోయాడు.

"సేట్, నాకు ఉప్పు మర్యాద వద్దు. అందర్ని పాడమని చెప్పుండ్రి."

బాలకిషన్ పాన్ నములుతూ నవ్వాడు. "మర్యాద వద్దనేటోణ్ణి ఇయ్యాల్నే చూస్తున్న. పో పో, చెప్త తియ్."

చెప్పలేదు.

ఆదివారం బండిని హాలు ముందు నిలబెట్టారు. నర్సయ్య దాన్ని తుడిచి తుడిచి పెళ్లికొడుకును చేశాడు. బాలకిషన్ మొదటి ధరగా పదిహేను వందలు పలికాడు. బజార్లో దానికి మూడు రెట్లు వస్తుందని అందరికీ తెలుసు. నర్సయ్య చెయ్యి ఎత్తాడు. అంతే, హాలంతా గప్‌చుప్.

ముందు వరసలో శ్రీపతి అని ఒక కాలేజీ లెక్చరరు, కారు కోసమే వచ్చినవాడు, చెయ్యి లేపబోయాడు. మోటారు దలాలు శ్యామ్‌సుందర్ ఆ చేతిని పట్టి మోకాలి మీదికి అదిమాడు. "ఉప్పు పాట సార్! జర తమీజ్, మర్యాద!" అన్నాడు. పిల్లలకు ధైర్యం గురించి పద్యాలు చెప్పే ఆ పెద్దమనిషి చెయ్యి రుద్దుకుంటూ లేచి బయటికి పోయాడు. అతన్ని చూస్తే నాకు ఒళ్లు మండింది. శ్యామ్‌సుందర్ మీద కూడా అంత మండలేదు.

శ్యామ్‌సుందర్ నర్సయ్య వెనక్కి జరిగి చెవిలో చెప్పాడు. పక్కనే ఉన్న నాకూ వినబడింది.

"ఫికర్ చెయ్యకు అన్నా. నీ మీద ఎవ్వడు పాడడు, అందర్కి చెప్పిపెట్టిన. నీకు పడ్డంక ఇరానీ హోటల్ల కూసుందం. బండికి గిరాకీ నా దగ్గర ఉన్నడు. నీ హిస్సా నీకు, మా హిస్సా మాకు."

అదీ ఆ మర్యాద అసలు రూపం. హాల్లో ఉప్పు పాట పేరిట ఎవరి నోరూ లేవకుండా కట్టడి చేసి, తర్వాత హోటల్లో దలాళ్లు తమలో తాము అసలు హర్రాజు పెట్టుకునేవారు. నౌకరుకు ఎంగిలి మెతుకులు. అమ్ముకున్న ఇంటికి మట్టి.

"ఏక్ బార్... దో బార్..." బాలకిషన్ సుత్తె ఎత్తాడు.

"రెండు వేలు!" అన్నాడు నర్సయ్య.

హాలు తిరిగి చూసింది. బాలకిషన్ సుత్తె గాలిలోనే ఆగింది. "ఎవరి మీద పాడుతున్నవయ్యా? ఆఖరి పాట నీదే గదా!"

"ఔ. నా మీద నేనే పాడుతున్న. రెండు వేల అయిదు వందలు!"

"దిమాక్ ఖరాబైందా? గట్ల పాడొద్దు!"

"వద్దని ఏ కానూన్ల ఉంది, చెప్పుండ్రి." నర్సయ్య గోడ మీది షరతుల పలక వైపు చెయ్యి చూపాడు. "ఎక్కువ పాడినోనికి బండి అని ఉందట. ఎవ్వని మీద పాడాల్నో ఉందా? మూడు వేలు!"

నవ్వులు మొదలయ్యాయి. ఒకడు ఈల వేశాడు. ఇంకొకడు "ఓ నర్సయ్యా, నర్సయ్య ఎక్కువ పాడిండు సూడు, ఇడువకు!" అని అరిచాడు. నర్సయ్య ఆ కూతల మధ్య నిలబడి, ఎదుటి పక్షానికి జవాబు చెబుతున్నట్టే ఒక్కొక్క మెట్టూ ఎక్కాడు. శ్యామ్‌సుందర్ అతని చొక్కా పట్టి లాగాడు.

"పిచ్చోడా! ఊకో! ఎవ్వని కోసం పాడుతున్నవ్?"

"నీ హోటల్ హర్రాజు గీడనే పెడుతున్న. అందర్ని ఇననియ్యి."

దగ్గరున్నదంతా పలికాక ఆగాడు. పూలమ్మ కడియాలతో సహా. సుత్తె పడింది.

ఇంటికి పోతే పూలమ్మ అడిగింది. "నీ మీద నువ్వే పాడుకున్నవట గదా? వాడకట్టంతా నవ్వుతున్నరు."

"ఔ."

"గెలిచినవా, ఓడినవా?"

"గెలిచిన."

"మరి గా మొకమేంది? వచ్చి బువ్వ తిను."

ప్రభావతమ్మకు అతను ఏమీ చెప్పలేదు. ఆమె బడి పెట్టింది. మిషన్ల చప్పుడు కింద రోడ్డు దాకా వినిపించేది. ఇక్కడ నర్సయ్యకేమో టాక్సీ పర్మిట్టుకు, మీటరుకు చేతిలో పైసా మిగలలేదు. బండి టార్పాలిను కప్పుకుని వాన, ఎండ ఓర్చింది. తన కారు వాకిట్లో ఉండగా అతను పరాయి లారీలు తోలాడు. శ్యామ్‌సుందర్‌కేమో వ్యాపారుల సంఘంలో పూలదండ పడింది! మన ఊరు ఎవరిని చూసి నవ్వుతుందో, ఎవరి మెడలో దండ వేస్తుందో చూస్తుంటే ఈ తిరుగుడు మానేసి ఏ గుహలోనో కూర్చోవాలనిపిస్తుంది.

చివరికి హిల్‌మన్ నెత్తిన పసుపు రంగు పడింది. నాంపల్లి స్టేషన్ ముందు టాక్సీల వరసలో నిలిచింది. ఒక ఆదివారం ముసురులో నేను, బొంబాయి రైలు దిగిన శ్యామ్‌సుందర్ ఒకేసారి దాని దగ్గరికి వచ్చాం. వేరే టాక్సీ లేదు. ఇద్దరం ఎక్కాం.

కొంత దూరం పోయాక శ్యామ్‌సుందర్ నవ్వాడు. "ఇంక కోపం పోలేదా అన్నా? ఆ దినం ఊకుంటే గిదే బండి నీకు పదిహేను వందలకే పడుతుండె."

"గందుకే ఊకోలేదు" అన్నాడు నర్సయ్య, వెనక్కి తిరగకుండానే.

పోస్టాఫీసు వెనక సందు వచ్చింది. హర్రాజుఖానా తలుపులు తెరిచి ఉన్నాయి. లోపల బాలకిషన్ గొంతు, ఏక్ బార్ అంటూ. ఆ తర్వాత నాకు తెలిసిన ఆ నిశ్శబ్దం. ఎవరో ముసలి నౌకరు లోపల లేచి ఉప్పు పాట పాడి ఉంటాడు.

నర్సయ్య సందు మొగన బండి ఆపాడు. వకీలు గారి కాలం నుంచి ఆబిడ్స్‌లో ఎన్నడూ నోరు విప్పని హారన్ మీద అరచెయ్యి పెట్టి, గట్టిగా నొక్కిపట్టాడు.

"ఏయ్, ఏంది గది? తియ్ చెయ్యి!" అని శ్యామ్‌సుందర్ అరుస్తున్నాడు. లోపలి జనం సుత్తె పడకముందే ఒక్కొక్కరే పాట వదిలేసి తలుపు దగ్గరికి వస్తున్నారు. నర్సయ్య చెయ్యి తియ్యలేదు.