మీట మీద వేలు

అవతలి మనిషి ఫోన్ పెట్టేసేదాకా ఆమె పెట్టదు. మాటలు అయిపోయాక కూడా చూపుడువేలు లైను తెంచే మీటకు బియ్యపుగింజంత ఎత్తున ఆగి ఉంటుంది. అవతల టక్కుమంటేనే దిగుతుంది.

ఇంట్లోనూ అంతే. ఆడపడుచుదీ అదే అలవాటు కావడంతో వాళ్ళిద్దరి ఫోన్ ఒక పట్టాన తెగదు. తను చేస్తే మాత్రం ఠక్కున పెట్టేస్తుందని భర్త ఊరంతా చెప్పుకుంటాడు.

ఆరోగ్య సలహాలిచ్చే ఫోన్ దగ్గర ఆమెది పదిహేడేళ్ళ ఉద్యోగం. మొదట్లో సలహాకు ఒక నంబరు, అంబులెన్సుకు ఒకటి, ఆసుపత్రులు మూసిన వేళల్లో డాక్టరుకు ఇంకొకటి. మూడూ మూడు భవనాల్లో. ఒకసారి ఎవరికో అంబులెన్సు నంబరు చెప్పి మీట నొక్కింది. వేలు పడుతుండగా "పెన్ను లేదమ్మా" అన్న మాట సగం వినిపించింది. ఆ మనిషి మళ్ళీ చేయలేదు. వేలు ఆగడం నేర్చుకున్నది ఆనాడే.

ఈ ఏడాది మూడింటినీ ఒకే నంబరు కిందికి, ఒకే హాల్లోకి తెచ్చారు. ఎవరి చోటు వారికి ఉండాలని ముగ్గురు అధికారులూ పట్టుబట్టడంతో వడ్రంగి వచ్చి తలెత్తున చెక్క అడ్డాలు బిగించాడు. పక్కవాళ్ళకు ఏం చెప్పాలన్నా కంప్యూటర్లో పంపి, వంతు కోసం చూడాలి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఒకతను ఫోన్ చేశాడు. అమ్మకు కళ్ళు తిరిగాయట, పడుకుందట. ఆమె అడగవలసినవన్నీ అడిగి, డాక్టరు వరుసలో పేరు ఎక్కించి, గంటలో మాట్లాడతారని చెప్పింది. అతను సరేనని, ఫోన్ పెట్టడం మరిచి, మంచం వైపు నడిచాడు.

వేలు ఆగి ఉంది. అమ్మను పిలవడం వినిపించింది. జవాబు లేదు. గురకలాంటి శబ్దం, తర్వాత ఖాళీ. మళ్ళీ గురక. రెండో ఖాళీ మరీ పొడుగు.

"బాబూ, నేనింకా ఉన్నాను. ఫోన్ స్పీకర్లో పెట్టి అమ్మ పక్కన ఉంచు."

అంబులెన్సు వరుసలో ముందు ఏడుగురున్నారు. ఆమె కుర్చీ ఎక్కింది. అడ్డం మీదుగా తల కనిపించేసరికి బండ్లు పంపే పెద్దాయన నవ్వాడు.

"ఏం చెల్లెమ్మా, పైనుంచి తనిఖీనా?"

"ముందు బండి పంపు అన్నయ్యా, తర్వాత నవ్వుదువుగాని."

అడ్రసు చెప్పి, రెండోవైపు డాక్టరమ్మను పిలిచింది. ఆవిడా కుర్చీ ఎక్కింది. హెడ్‌ఫోన్ తీగ పొట్టిది. చెక్క మీద తలలు ఆనించి ఇద్దరూ ఒకే ఫోన్ విన్నారు. ఛాతీ మీద చేతులెక్కడ పెట్టాలో, ఎంత గట్టిగా నొక్కాలో డాక్టరమ్మ చెప్పింది. ఆమె అంకెలు లెక్కపెట్టింది. పదకొండు నిమిషాలు. తలుపు చప్పుడు, బూట్ల చప్పుడు. నాడి అందిందని ఎవరో అన్నారు.

"ఉన్నారాండీ?" అన్నాడు కొడుకు.

"ఉన్నాను. నువ్వు వాళ్ళతో వెళ్ళు."

అవతల టక్కుమంది. అప్పుడు కుర్చీ దిగి మీట నొక్కింది.

కుర్చీలెక్కడం పద్ధతి కాదన్నాడు సాయంత్రం ఆమె విభాగం అధికారి. అడ్డాల సంగతి వచ్చే సమావేశంలో చూద్దామన్నాడు. ఆమె సరేనంది.

మర్నాడు ఉదయం అరగంట ముందే వచ్చి, సంచిలోంచి భర్త స్క్రూడ్రైవర్ తీసింది. పెద్దాయన చెక్క పట్టుకున్నాడు. ఒక్కొక్క మరా విప్పి, చెక్కలు గోడకు ఆనించి, మరలన్నీ టీ గ్లాసులో పోసి, అధికారి బల్ల మీద పెట్టింది.