ముందు గాలి తియ్!

పెద్దమేస్త్రీకి తుమ్మొచ్చినా సరే, ముందు గాలి తీసి, ఆ తర్వాతే తుమ్మేవాడు.

కుర్చీలు చేసే ఆ షెడ్డులో మేకులు కొట్టే గన్ను ఒక్కటే ఉండేది. మూలనున్న కంప్రెసర్ నుంచి పొడుగాటి గొట్టంలో గాలి వచ్చేది. ఆ గాలి తోపుకి మేకు రెప్పపాటులో చెక్కలో దిగిపోయేది. అంత బలం చేతిలో ఉండగా మనిషి ఇంకో పని పెట్టుకోకూడదని పెద్దమేస్త్రీ సిద్ధాంతం. తల గోక్కోవాలన్నా, మంచినీళ్ళు తాగాలన్నా, ఎవరైనా పిలిస్తే పలకాలన్నా గన్ను నుంచి గొట్టం ఊడదీసేవాడు. అది 'ఫస్'మనేది. అప్పుడు "ఆఁ, ఏంటీ?" అనేవాడు. పిలిచినవాళ్ళు అప్పటికి వెళ్ళిపోయి ఉండేవాళ్ళు.

ఇంటి నుంచి ఫోనొచ్చినా అంతే. గొట్టం తీసి, గన్ను ముక్కు గోడవైపు తిప్పి పెట్టి, కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టి, జేబులో చెయ్యి పెట్టేసరికి ఫోను ఆగిపోయేది. దీనికి ఆయన భార్యే ఓ ఉపాయం కనిపెట్టింది. "మొదటిసారి చేసేది గాలి తియ్యడానికి. మాట్లాడ్డానికి రెండోసారి చేస్తాను," అనేది.

పొద్దున్నే గాలి సరిచూడటం ఇంకో తతంగం. తక్కువ గాలితో తుక్కు చెక్క మీద ఒక మేకు కొట్టేవాడు. దాని తల పైకి కనిపిస్తుంటే కంప్రెసర్ మీట రవ్వంత తిప్పేవాడు. మళ్ళీ ఒక మేకు, మళ్ళీ రవ్వంత.

"మామయ్యా, మేకు కొడుతున్నావా, జోకొడుతున్నావా?" అనేది మేనకోడలు.

"గాలెక్కువైతే మేకు చెక్క చీల్చుకుని అవతలికొస్తుందే. అవతల ఎవరి చెయ్యుంటుందో!"

"అవతల ఎవరూ లేరుగా."

"ఇవాళ లేరు."

మేనకోడలు మూడేళ్ళుగా అదే షెడ్డులో కుర్చీలకి గరుకు కాగితం రుద్దుతోంది. రుద్ది రుద్ది ఆమె వేలిముద్రలు అరిగిపోయాయి గానీ, గన్ను పట్టాలన్న కోరిక మాత్రం అరగలేదు. ఆ నెలలో పని పెరిగింది. "సాయంత్రం షిఫ్టుకి గన్ను మీద రెండో మనిషి కావాలి. రెండు వారాల తర్వాతొచ్చే సోమవారంలోపు మేస్త్రీ సరేనంటే నువ్వే, లేకపోతే బయట నుంచి తెచ్చుకుంటాను," అన్నాడు యజమాని. ఆమె ఆ రోజే మామయ్యని అడిగింది. "ఇంకా కాదు," అన్నాడు. రెండు వారాలు గడిచాయి. ఎప్పుడడిగినా అదే మాట.

"నీది ఎడమచెయ్యి కదమ్మా, ఆయనకి నమ్మకం లేదు," అన్నాడు పాలిష్ వేసే అతను. "నిజం చెప్పొద్దూ, అసలు ఆయన చెయ్యే తప్పుతోంది. ఇటు చూడు."

బల్ల కింద తుక్కు చెక్కల గుట్ట ఉంది. వాటి నిండా వంకర మేకులే. ఒకటి తూర్పుకి దణ్ణం పెడుతుంటే ఇంకోటి పడమటికి అలిగి కూచుంది. షెడ్డంతా పడీ పడీ నవ్వింది. పెద్దమేస్త్రీ కూడా గొట్టం ఊడదీసి మరీ నవ్వాడు. "అవునర్రా, ఏం చెయ్యను, చెయ్యి తప్పుతోంది," అని ఒప్పేసుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్ళారు. మేనకోడలికి ముద్ద దిగలేదు. తన చెయ్యే తప్పుతున్న మనిషి నా చేతికి వంక పెడతాడా? అటో ఇటో తేల్చుకుందామని లేచి షెడ్డులోకి విసురుగా వెళ్ళింది. వెళ్ళి గుమ్మంలోనే ఆగిపోయింది.

పెద్దమేస్త్రీ బల్ల ముందు నిలబడి గన్ను ఎడమచేత్తో పట్టుకుని ఉన్నాడు. కొట్టాడు. మేకు వంకరగా దిగింది. గన్ను వదిలిన గాలి చెక్కపొట్టుతో సహా ఆయన మొహాన్నే కొట్టింది. ముక్కు ఎగబీల్చాడు. గబగబా గొట్టం తీశాడు. తుమ్మాడు.

"ఏం చేస్తున్నావు మామయ్యా?"

ఆయన దొంగలా దొరికిపోయాడు. "గాలి బయటికి పోయే మూత ఇదిగో, ఇది. ఎప్పుడో నా కుడిచేతికి అనువుగా తిప్పుకున్నాను. ఎడమచేత్తో పడితే పొట్టంతా కళ్ళలోకే. కళ్ళద్దాలున్నా ఉలిక్కిపడతావు, ఉలిక్కిపడితే చెయ్యి తప్పుతుంది. తిప్పుదామంటే తుప్పు పట్టి కూచుంది. రోజూ రెండు చుక్కల నూనె పోస్తున్నాను. నిన్న కాస్త కదిలింది."

మూత మళ్ళీ కాస్త తిప్పి, గొట్టం తగిలించి, ఎడమచేత్తో ఇంకో మేకు కొట్టాడు. పొట్టు అవతలికి ఎగిరింది. మేకు మాత్రం వంకరే.

"ట్రిగ్గర్ కూడా మార్చాను. ముక్కు చెక్కకి ఆనించి, ఆ తర్వాత నొక్కితేనే మేకొస్తుంది. ముందే నొక్కిపట్టి తాకిస్తే రాదు."

"మరి అందరూ నవ్వుతుంటే చెప్పొచ్చుగా?"

"చెబితే, నీ చేతికోసం గన్నే మార్చాల్సొచ్చిందంటారు. నా చెయ్యి పోయిందనుకున్నా నాకు పోయేదేముంది!" గొట్టం ఊడదీసి, గన్ను ఆమె ముందు పెట్టాడు. "కళ్ళద్దాలు పెట్టుకో. కుడిచెయ్యి దూరంగా పెట్టు. కొట్టేదాకా ట్రిగ్గర్ మీద వేలు వద్దు. ఇప్పుడు గొట్టం తగిలించు."

ఆమె ముక్కు ఆనించి నొక్కింది. టప్! మేకు తిన్నగా దిగింది. ఆయన వేలితో తడిమి చూశాడు. తల చెక్కలో సమంగా కూచుంది.

"సోమవారం నుంచి నువ్వేనని యజమానికి నిన్ననే చెప్పేశాను," అన్నాడు.

ఆమె కళ్ళు నిండిపోయాయి. గన్ను పట్టుకున్న చేత్తోనే తుడుచుకోబోయింది.

"ఆగాగు! ముందు గాలి తియ్. తర్వాత తీరిగ్గా ఏడుద్దువు గాని."

ఆమె గొట్టం ఊడదీసింది. గన్ను ముక్కు గోడవైపు తిప్పి పెట్టింది. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టింది. అప్పటికి ఏడుపు వెళ్ళిపోయింది. నవ్వొచ్చింది.