బావి దగ్గరి అక్షరాల బండ

ఆ అక్షరాలు నేను చదవలేకపోయానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

నిజాంసాగర్ కాలువ రాకముందు, బోధన్ దగ్గర మా చేను దున్నుతుంటే ఆ బండ బయటపడిందట. గరుకుగా ఉంటే మురికి బాగా వదులుతుందని, అవ్వ అక్షరాలు పైకి ఉండేలా దాన్ని బావి దగ్గర వేయించింది. ఏళ్ల తరబడి దాని మీదే బట్టలు ఉతికింది. మంచం పట్టాక ఆమెకు భయం పట్టుకుంది.

“దేవుని పేరు అరగదీసిన్నో ఏమో! సదువుకున్నదానివి, సూసి చెప్పు బిడ్డా.”

వెళ్లి చూశాను. అవి మన అక్షరాలు కావు, పైగా సగం అరిగిపోయాయి. ఆమె మనసు కుదుటపడాలని అబద్ధం చెప్పాను.

“దేవుని పేరు కాదవ్వా. ఎవరో బావి తవ్విపిచ్చినాయన పేరు.”

అవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ తర్వాత ఆమె నాతో అన్న మాటలు ఇవే:

“అయ్యో, గాయనకు మిగిలింది గా పేరొక్కటేనాయె. బండ బోర్లేయి బిడ్డా.”