పిడికెడు బియ్యం ఇవ్వని ఇల్లు

నాకు నోరెక్కువ. మా ఆయన నెలంతా మాట్లాడే మాటలు నేను ఒక్క పూటలో మాట్లాడేస్తాను. గోదావరిఖని క్వార్టర్లలో మా లైనంతటికీ ఆ సంగతి తెలుసు. పైగా చర్చిలో సండే స్కూల్ టీచర్‌ని. అడిగినా అడగకపోయినా వాక్యం చెప్పడం అలవాటైపోయింది. ఆ అలవాటు మా ఇంటికి ఏం తెచ్చిందో చెప్పాలి.

మా ఆయనది అండర్‌గ్రౌండ్ డ్యూటీ. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు పెట్టి, బోల్టులు బిగించే గ్యాంగు వాళ్లది. ఆ ఏడు వానలకు ముందు వాళ్లకు కొత్త చోట పని పడింది. ఇన్నాళ్లూ కప్పును మోసిన బొగ్గు స్తంభాలనే అక్కడ కోసి తీసుకుంటున్నారు. అప్పటికే రెండుసార్లు పెళ్లలు రాలాయి. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆయన ఇంటికొచ్చి అన్నం కలిపి, ముద్ద ఎత్తకుండా అలాగే కూర్చునేవాడు. "ఏందయ్యా?" అంటే, "కప్పు సప్పుడు చేస్తుంది" అనేవాడు.

గని దగ్గర మైసమ్మ గుడి ఉంది. కొత్త చోట పని మొదలైతే గ్యాంగంతా కలిసి అక్కడ మేకను కోస్తారు. ప్రతి ఇంటి నుంచి పిడికెడు బియ్యం రావాలి. అన్నీ ఒకే గిన్నెలో వండుతారు. కిందికి దిగేవాళ్లంతా ఒకటేనని దాని అర్థం. మాది మామగారి నాటి నుంచీ క్రైస్తవ కుటుంబం. మా ఆయన ఆ కూర ముట్టడు, బియ్యం మాత్రం ఇచ్చి వస్తాడు. దానికి చర్చివాళ్లూ ఏమీ అనలేదు, గ్యాంగువాళ్లూ ఏమీ అనలేదు.

ఆ నెల నేను పిల్లలకు ఇశ్రాయేలీయుల బలుల పాఠం చెబుతున్నాను. తప్పు చేసినవాడు జీవాన్ని తోలుకొచ్చి దాని తలమీద చెయ్యి పెట్టాలి. చెయ్యి పెట్టినవాడే దాన్ని కొయ్యాలి. యాజకుడు ఆ రక్తాన్ని బలిపీఠం మీద చల్లుతాడు. తప్పు చేసినవాడు బతుకుతాడు, వాడి బదులు అది చస్తుంది. మళ్లీ తప్పు, మళ్లీ గొర్రె. చివరికి ప్రభువే గొర్రెపిల్లగా వచ్చాడు, ఒక్కసారికే అంతా ముగిసిపోయింది, ఇంక ఏ మేకా అక్కర్లేదు. బోర్డు మీద బొమ్మలేసి మరీ చెప్పాను. ఆ ఊపులోనే ఇంటికొచ్చి మా ఆయన్ని పట్టుకున్నాను.

"బలి ఎప్పుడో అయిపోయింది. మళ్ల మనం బియ్యం ఇచ్చుడేంది? ఈసారి ఇయ్యకు."

"మనసుల పెట్టుకుంటరే."

"పెట్టుకోనీ."

ఇవ్వలేదు.

మేకను కోసే రోజు పొద్దున్నే కాక మా గుమ్మం ముందుకు వచ్చాడు. కాక అంటే చుట్టం కాదు. మా వెనక లైనులో ఉంటాడు, మా ఆయనకు కింద పని నేర్పింది ఆయనే. పెళ్లయి వచ్చిన నాటి నుంచీ నన్ను బిడ్డా అనే పిలిచాడు. ఆయన చొక్కా చెమటకు ఒంటికి అంటుకుపోయింది. మేక వీపు మీద నీళ్లు పోస్తే అది ఒళ్లు విదిలించాలి, అప్పుడే అమ్మ ఒప్పుకున్నట్టు. నాలుగు బిందెలు పోసినా అది కదలడం లేదట. ఒక ఇంటి బియ్యం రాలేదని ఎవరో అన్నారట.

"బిడ్డా, పిడికెడు పెట్టు. మొక్కమంటలేను, తినమంటలేను. పోరగాండ్లు బుగులు పడుతున్నరు."

మనిషిని ఎండలో నిలబెట్టి పాఠం ఎత్తుకున్నాను. బలిపీఠం, యాజకుడు, గొర్రెపిల్ల, సిలువ, అన్నీ. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే మీ దేవుడు గూడ నెత్తురు సూడంది ఇడ్వలే గద బిడ్డా" అన్నాడు. వెటకారం కాదు, తెలుసుకుందామనే అడిగాడు.

ఆ మాటకు నాకు ఒళ్లు మండింది. "నీకు సమజ్ గాదు తియ్ కాకా. నేనియ్య" అన్నాను. మా ఆయన లోపల మంచం మీద కూర్చుని నేల చూస్తున్నాడు.

మేక ఒళ్లు విదిలించనే లేదు. ఎండ నడినెత్తికొచ్చేదాకా చూసి అలాగే కోసేశారు. మధ్యాహ్నం పక్కనున్న ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ జరిగి మా గోడలు అదిరాయి. రోజూ అదిరేవే. ఆ రోజు మాత్రం నా చేతిలో గిన్నె జారి కింద పడింది.

మర్నాడు గ్యాంగు మొండికేసింది. మా ఆయనతో కలిసి ఆ కప్పు కిందికి దిగేది లేదన్నారు. గొడవ పెరిగేలా ఉంటే కాకే సర్దిచెప్పాడు. ఆ వారం కాకకు పైన పని, దిగే అవసరమే లేదు. "రెండ్రోజులు వాణ్ని పైన ఉంచుండ్రి. వాని బదులు నేను పోత. అందరి బయం తీరినంక సూద్దాం" అన్నాడట.

సాయంత్రం మా ఆయన వచ్చి ఈ సంగతి చెబితే నాకు సంతోషమైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం. ఈయన కప్పు కింద ఉండడు కదా! నా పట్టుదలకు దేవుడు మెచ్చాడనుకుని, పప్పు తాలింపు వేస్తూ స్తుతిపాట కూడా పాడుకున్నాను.

రెండో రోజు కప్పు కూలింది. మిగతావాళ్లు వెనక్కి దూకారు. కాక ఒక్కడే కింద ఉండిపోయాడు. పొద్దుగూకే వేళకు పైకి తెస్తే, స్ట్రెచర్ ఒక కొస మా ఆయన పట్టుకున్నాడట.

మమ్మల్ని ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది. చర్చిలో పాస్టర్‌గారు, దేవుడు మీ ఇంటిని కాపాడాడు, లేచి సాక్ష్యం చెప్పమ్మా అన్నారు. "ఎవరిని ఇచ్చి కాపాడిండు అయ్యగారూ?" అని అందరి ముందే అడిగేశాను. 'ప్రభువు మన బదులు చనిపోయాడు' అని ఇన్నేళ్లు పిల్లలకు ఎక్కం చెప్పినట్టు చెప్పాను. బతికి మిగిలినవాడు తెల్లారి లేచి పళ్లు తోముకోవాలని, ఆకలేస్తే అన్నం తినాలని నాకు తట్టనే లేదు. మా ఇంట్లో ఆ మనిషి తింటూ తింటూ ఏడ్చేవాడు.

దినవారాలయ్యాక ఆయనకు మళ్లీ అదే చోట డ్యూటీ పడింది. పొద్దున తలుపు తీసేసరికి కాక భార్య, మేము చిన్నమ్మ అనే ఆవిడ, మా గేటు దగ్గర నిలబడి ఉంది. శపించడానికే వచ్చిందనుకున్నాను. ఆవిడ నా వైపు చూడనైనా చూడలేదు. మా ఆయన రెండు చేతులూ పట్టుకుంది.

"పైలం బిడ్డా. నీకేమన్నయితే ఇగ మీ కాక ఎందుకు పోయినట్టు?"

ఆయన తలూపి, టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. షిఫ్టు అయిపోయిన సైరన్ మోగేదాకా నేను ఆ గేటు దగ్గరే కూర్చున్నాను. ఆయన్ని కాపాడమని అడిగితే ఈసారి ఆయన బదులు దేవుడు ఎవరిని తీసుకుంటాడోనని భయమేసి, ప్రార్థన కూడా చెయ్యలేదు.